ఇంకోపారి లాలమ్మ

లాలమ్మకు ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. ఒక్కసారి చెబితే ఆ మాట ఇంకా గాలిలోనే తిరుగుతున్నట్టు లెక్క. చెప్పినవాడు తహసీల్దారైనా, గాజులమ్ముకునేవాడైనా సరే, మాట ముగియగానే చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఇంకోపారి చెప్పు బిడ్డా" అనేది. పాల్వంచ అవతల ఆ చిన్న ఊళ్ళో ఆమె ఓటర్ల జాబితాలో మాత్రమే లాలమ్మ. మిగతా అన్నిచోట్లా ఇంకోపారి లాలమ్మ.

కండక్టరు కిషన్‌లాల్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టగానే, "పర్ణశాల పోదు, పర్ణశాల పోదు" అని గడగడా రెండుసార్లు అనేసి ఊపిరి పీల్చుకునేవాడు.

"ఇంకోపారి చెప్పు కొడుకా."

"రెండుసార్లు చెప్పిన గదనే అవ్వా."

"రెండూ కలిపి ఒక్కటే పారి అన్నవు. దుమ్ముగూడెంల దిగి ఎటు పోవాలె, అది గూడ చెప్పు."

కిషన్‌లాల్ మళ్ళీ చెప్పేవాడు. తీరా ఆమె ఆ బస్సు ఎక్కేదే కాదు.

ఒక శ్రీరామనవమి ముందు కోడలు ప్రమీల ఆమెను పర్ణశాల తీసుకుపోయింది. అక్కడొకాయన బంగారు లేడి దగ్గర్నుంచి మొదలుపెట్టి రావణుడు సీతమ్మను ఎత్తుకుపోయేదాకా కన్నీళ్ళొచ్చేటట్టు చెప్పాడు. చెప్పి కండువాతో ముఖం తుడుచుకుంటుంటే లాలమ్మ చేతులు జోడించి, "మంచిగ చెప్పినవయ్యా. ఇంకోపారి" అంది. పాపం ఆయన కాదనలేకపోయాడు. ఆ రోజు సీతమ్మ తల్లి రెండుసార్లు లంకకు పోవలసి వచ్చింది.

కొడుకు కోటేష్ సెల్‌ఫోను కొన్న కొత్తలో ఎవరికో చేస్తే అవతల ఒకమ్మాయి, మీరు చేసిన నంబరు అందుబాటులో లేదని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పింది. లాలమ్మ మురిసిపోయింది. "ఎవలింటి పిల్లనో గని మర్యాద తెలిసింది. అడగకుండనే రెండుపార్లు చెప్తాంది."

ఊరికి ఇదంతా నవ్వులాటే గాని ప్రమీలకు మాత్రం గుబులు. అత్తకు చెవులు పోతున్నాయని ఆమె నమ్మకం. నాలుగేళ్ళుగా ఇంట్లో ఆమె గొంతు చించుకుని మాట్లాడుతుంటే, చివరికి ఇరుగుపొరుగువాళ్ళు ఆ అత్తాకోడళ్ళకు పడదని నిర్ణయించేసుకున్నారు. ఇంట్లో మాత్రం లాలమ్మ ఏదీ రెండోసారి అడిగేది కాదు. పెరట్లో కూర్చుని వంటింట్లో బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు పసిగట్టేది. ముసలివాళ్ళ చెవుడు అట్లాగే వచ్చిపోతుంటుందని ప్రమీల సర్దిచెప్పుకుంది.

ఒకనాడు రోడ్డు దాటుతున్న లాలమ్మ వెనక లారీవాడు హారన్ కొట్టీ కొట్టీ చివరికి బ్రేకు వేశాడు. కోటేష్ కళ్ళారా చూశాడు. "చెవులు పోయినయంటే ఇగ గడప దాటనిచ్చేది లేదు. డాక్టరుకు చూపియ్" అని భార్యకు గట్టిగా చెప్పి షిఫ్టుకు పోయాడు.

లాలమ్మ ముఖం చిన్నబోయింది. పొద్దున లేచి రాములవారికి దండం పెట్టుకోవడం, బస్టాండు, దవాఖానా, రేషన్ షాపు ఒక చుట్టు చుట్టి రావడం, అదే ఆమె బతుకు. "ఇంట్ల కూసోబెడితే నేను దినాం చస్తనే" అంది బస్సులో. ప్రమీలకూ మనసొప్పలేదు. అయినా లారీ గుర్తొచ్చి ఖమ్మానికి రెండు టిక్కెట్లు తీసుకుంది.

ఖమ్మంలో చెవుల డాక్టరు లాలమ్మ తలకు యంత్రం తగిలించి, చప్పుడు వినబడితే వేలెత్తమన్నాడు. ఆమె ఎత్తిన వేలు దించలేదు. వెనక నిలబడి గుసగుసగా ఊరి పేరు అడిగాడు. చెప్పింది. చివరికి ఆమే అంది, "సారూ, నీ చాయ్ బయట బల్ల మీద చల్లారుతుందని నర్సమ్మ అనుకుంటాంది, తాగిరా పో."

డాక్టరు యంత్రం తీసేశాడు. "అమ్మా, ఈమె చెవులు నా చెవులకన్నా నయం."

"మరి ఆ లారీ?" ప్రమీల అత్త వైపు తిరిగింది.

"ఇనబడ్డది. అందరు దాటుతుంటే నాకొక్కదానికే హారనేంది? ఆగుతడా ఆగడా చూద్దామనుకున్న."

ప్రమీలకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళ అరుపులన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. అడుగుదామని చూస్తే పక్కన అత్త లేదు. మందుల కిటికీ దగ్గరుంది.

అక్కడ అడవి ఊరి నుంచి వచ్చిన బొజ్జయ్య, అతని భార్య గంగక్క చంటిబిడ్డతో నిలబడ్డారు. బిడ్డ చెవిలో చీము. మందులాయన రెండు సీసాలు ముందుకు తోసి, "చిన్నది పూటకు మూడు చుక్కలు వెయ్యాలె, పెద్దది చెంచెడు. నెక్స్ట్" అన్నాడు.

"అవ్ సారు" అన్నాడు బొజ్జయ్య.

మధ్యలో లాలమ్మ తల దూరింది. "ఇంకోపారి చెప్పు సారూ."

"నీకు కాదవ్వా, వాళ్ళకు."

"నాకే చెప్పు. ముసల్దాన్ని, జల్దీ ఎక్కదు. ఆ చుక్కలు యాడ ఏయాలె?"

"చెవిల ఏయాలె. ఇంకెక్కడ ఏస్తరు?"

"చెవిల. పెద్ద సీసది?"

"నోట్లె."

గంగక్క మొగుడి చెయ్యి పట్టుకుంది. "చుక్కలు గూడ నోట్లెనే ఏసేటోళ్ళం గద" అంది సన్నగా. ఎప్పుడైనా వాళ్ళ ఊరికి చుక్కలవాళ్ళంటూ వచ్చేది పోలియో చుక్కలవాళ్ళే. వాళ్ళు వేసేది నోట్లోనే. చుక్కలంటే ఆ ఊరికి తెలిసింది అదొక్కటే.

మందులాయన కిటికీలోంచి బయటికి వంగాడు. ఈసారి బిడ్డ చెవి చూపించి, చెంచా చూపించి, నిదానంగా అంతా చెప్పాడు.

"నీకు మొదటిపారే ఇనబడ్డది గదా అత్తా?" ప్రమీల మెల్లగా అడిగింది.

"ఇనబడ్డది. ఆ పిలగాడు నోటితోని అవ్ అన్నడు. కండ్లు అవ్ అనలె. మేము తండా నుంచి కొత్తగ వచ్చినప్పుడు సమజు గాకున్నా నేను గట్లనే తలూపేదాన్ని. అడిగితే నవ్వుతరని సిగ్గు. నాకిప్పుడు సిగ్గేంది, ముసల్దాన్ని."

ప్రమీలకు కిషన్‌లాల్ బస్సు గుర్తొచ్చింది. ప్రతిసారీ అత్త పక్కన ఎవరో ఒకరు మూట పట్టుకుని బోర్డు వైపు చూస్తూ నిలబడేవారు. పర్ణశాలలోనూ అంతే. కథ సగంలో ఉండగా చంటిపిల్లలతో వచ్చి చేరిన ఆడవాళ్ళు నలుగురు వెనకే నిలబడ్డారు.

బస్టాండులో ఉండగా కోటేష్ ఫోను చేశాడు. "డాక్టరు ఏమన్నడు? ఇగ బయటికి పంపుడు బందేనా?"

లాలమ్మ దూరంగా, సత్తుపల్లి బస్సు దగ్గర ఎవరికోసమో డ్రైవరును సతాయిస్తోంది. ప్రమీల కొంగు సర్దుకుని అటే చూస్తూ నవ్వింది.

"బంద్ చేయకు. ఆమెను ఇంట్ల కూసోబెడితే ఊళ్ళె సగం మందికి చెవుడొస్తది."