ఫోన్ చదవని సగం

మార్కాపురంలో ఒక బట్టల దుకాణం మీది గదిలో కూర్చుని నేనొక చిన్న వార్తల సైట్ నడుపుతున్నాను. ఏ బస్సు రద్దయింది, ఏ ఊళ్లో కరెంటు కోత, పలకల గనుల్లో పని ఉందా లేదా, సంతలో గొర్రె ధర ఎట్లా ఉంది, ఇవే మా వార్తలు. పెద్ద పేపర్లు వీటిని లోపలి పేజీ మూలకు తోస్తాయి. నేను నెత్తిన పెట్టుకుంటాను.

రెండేళ్ల కిందట సైట్‌కు ఫీడ్ పెట్టాను. అదేం బ్రహ్మవిద్య కాదు. మనం వార్త పెట్టగానే దాని శీర్షిక, లింకు, కొంత పాఠం ఒక ఫైల్‌లోకి చేరతాయి. ఆ ఫైల్‌ను ఎవరైనా తమ సైట్‌కో ఫోన్‌కో తగిలించుకుంటే మన వార్తలు వాటంతటవే వాళ్ల దగ్గరికి వెళ్తుంటాయి. ఒక ఆదివారం కూర్చుని పూర్తి చేశాను. చేశానని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా.

ఒక్క విషయం దగ్గరే ఆగి ఆలోచించాను. వార్త మొత్తం పంపాలా, మొదటి వాక్యం మాత్రం పంపి ఊరుకోవాలా? మొత్తం అక్కడే దొరికితే ఇక సైట్‌కు ఎవరొస్తారు? ప్రకటన ఇచ్చే ప్రతి దుకాణదారూ ముందు అడిగేది ఎంతమంది చూస్తున్నారనే. అందుకని మొదటి వాక్యం మాత్రమే వెళ్లేలా పెట్టాను. అది చాలదన్నట్టు, ఆ వాక్యంలో అసలు సంగతి చెప్పకుండా ఊరించడం నేర్చుకున్నాను. ఆ విద్యలో నాకు మంచి చెయ్యి ఉందని తెలిసినవాళ్లు అంటే పొంగిపోయేదాన్ని.

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, రాచర్ల వైపు గొర్రెలు మేపుతాడు. చదువు రాదు. ఎండాకాలంలో ఇంటిపట్టున ఉండడు. కోతలైన పొలాల్లో, రైతులు ఎక్కడ పిలిస్తే అక్కడ రాత్రిపూట మంద కడతాడు. పొలానికి ఎరువు, ఈయనకు తిండిగింజలు. ఊళ్లో చాటింపు వేసినా ఆయన చెవిన పడదు. అందుకని ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన పాత ఫోన్‌లో నా ఫీడ్ తగిలించి, వచ్చిన వార్తను పైకి చదివి వినిపించేలా చేసి ఇచ్చాను. వార్త రాగానే ఫోన్ పైకెత్తి పట్టుకుని, "మాటలు ఆపండి, మా పాప రాసింది చెప్తా ఉంది" అని తోటి కాపరులందరి నోళ్లూ మూయించేవాడట.

ఈ వేసవి చివర గొర్రెలకు చిటుకు రోగం టీకాల శిబిరం పెట్టారు. తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆబగా మేసిన గొర్రెలకు ఈ రోగం వస్తుంది. పొద్దున గంతులేసిన పిల్ల మధ్యాహ్నానికి ఉండదు. వానలకు ముందే టీకా పడాలి. శిబిరం చిన్నాయన వాళ్ల ఊరి బడి దగ్గరే అన్నారు గానీ, అక్కడ నీళ్లకు ఇబ్బందని ముందురోజు పక్క ఊరికి మార్చారు. సంగతి తెలియగానే రాసి పెట్టాను. "గొర్రెల కాపరులకు ముఖ్య గమనిక: రేపటి టీకాల శిబిరంలో పెద్ద మార్పు!" అన్నది మొదటి వాక్యం. ఏ ఊరికి మారిందో రెండో వాక్యంలో పెట్టాను. ఆ రోజు సైట్‌కు జనం బాగా వచ్చారు. సంతోషంగా భోంచేశాను.

వానలు పడ్డాక, చిన్నాయన మందలో పిల్లలు చచ్చిపోతున్నాయని కబురొచ్చింది. గిద్దలూరు బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో వెళ్లాను. చిన్నాయన దొడ్డి తడిక పక్కన కూర్చుని ఉన్నాడు. ఇంకో కాపరి ఆయనకు తోడుగా కూర్చున్నాడు. కాస్త దూరంలో కొత్తగా పూడ్చిన గుంట కనిపించింది.

"టీకాలు వేయించలేదా చిన్నాయనా?"

"యాడ వేయించేది పాపా! ఏందో మార్పు అని చెప్పి ఫోన్ ఆగిపోయింది. టయిం మార్చినారేమో అనుకుంటిమి. తెల్లారకముందే మందలన్నీ మన బడి కాడికి తోలినాం. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడినాం. పక్క ఊర్లో అని తెలిసి ఆడికి పోయేసరికి మందు అయిపోయింది, సార్లు కూడా వెళ్లిపోయినారు."

"నాకొక ఫోన్ చేయకపోయావా?"

"చేద్దామనే అనుకున్నా. పనిలో ఉంటావులే అని ఊరుకున్నా."

పక్కనున్న కాపరి నవ్వాడు. "నీ కూతురు వార్త సగమే రాస్తాదేమోలే అన్నా."

చిన్నాయనకు కోపం ముంచుకొచ్చింది. "మాటలు తిన్నగా రానీ. మా పాప సగం పని చేసే మనిషి కాదు. ఈ ఫోనే చెడిపోయింది. ఎప్పుడూ ఇంతే, మొదలుపెడతాది, ఆగిపోతాది. గిద్దలూరుకు పోయి రిపేరుకు ఇస్తా."

మామూలుగా నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. కరెంటాఫీసు వాళ్లతో, బస్టాండు వాళ్లతో, సొంత మేనత్తలతో కూడా పోట్లాడిన నోరు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని. నా తరఫున పోట్లాడుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కాపరి నా మొహంలోకి చూశాడు. అతనికి సంగతి అర్థమైందనే నా అనుమానం.

"రిపేరు వద్దులే చిన్నాయనా, నేను చూస్తా" అన్నాను.

"నీకు ఉన్న పని చాలదా?" అని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. చిన్నమ్మ అన్నం పెడతానంటే ఆకలి లేదని చెప్పి బయటపడ్డాను.

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే ఫీడ్ మార్చాను. ఎంత చిన్న పనో చెప్పడానికి కూడా మొహం చెల్లడం లేదు. ఒకచోట మొదటి వాక్యం అన్నది తీసి, పూర్తి పాఠం అని పెట్టాలి. అంతే. ఊరించే వాక్యాలు కూడా మానేశాను. ఇప్పుడు ఊరి పేరుతోనే వార్త మొదలుపెడుతున్నాను. సైట్‌కు వచ్చేవాళ్లు తగ్గారు. తగ్గనీ.

కొన్నాళ్లకు చిన్నాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల గొర్రెల అరుపులు, ఈయన గొంతులో సంబరం.

"పాపా, ఆ గిద్దలూరు రిపేరాయన గట్టోడు. ఏం చేసినాడో ఏమో, ఇప్పుడు నువ్వు రాసిందంతా ఆగకుండా చదువుతా ఉంది. వానలకు ముందే ఇచ్చి ఉంటే పిల్లలు దక్కేవి. బద్ధకం చేసినా. తప్పు నాదే."

నీది కాదు చిన్నాయనా అనాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"ఇంక ఆగదులే చిన్నాయనా" అన్నాను.