దొనకొండ గేటు దగ్గర ఆగిన డెబ్భైమూడు

ఏ సంగతీ మొదలుపెట్టక ముందే, దిగబడిన చోటల్లా నన్ను పైకి లాగి ఇంతదూరం నడిపించిన దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే నేను గాని, నేను నడిపిన కారు గాని ఈ మాటలు రాసే రోజు దాకా వచ్చేవాళ్లం కాదు. (నిజానికి కారు రాలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను.)

ఆ రోజుల్లో, అంటే మా తాలూకాలు కర్నూలును వదిలి కొత్త జిల్లాలో చేరిన కాలంలో, గిద్దలూరు రోడ్డు మీద కారు పోతుంటే పిల్లలు ఆట ఆపి చూసేవాళ్లు. నాకు చూడాల్సిన పని కూడా లేదు, వింటే చాలు. ఆదాము జంతువులన్నిటికీ పేర్లు పెట్టినట్టు, ప్రతి బండికీ దాని శబ్దాన్ని బట్టి పేరు చెప్పేవాణ్ణి. ఆదివారం ఆరాధనలో కిటికీ పక్కన కూర్చుని, అయ్యగారు ప్రార్థిస్తుంటే నేనూ భక్తిగా కళ్లు మూసుకుని "అంబాసిడర్... ఫియట్... ఆర్టీసీ" అని గొణిగేవాణ్ణి. పక్కనున్న పిన్నమ్మ (అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే) నాకు ప్రార్థనావరం దొరికిందనుకుని కొన్నాళ్లు మురిసిపోయింది. సంగతి తెలిసిన రోజున మాత్రం తొడమీద గట్టిగా గిల్లి, "ఏంది రా, దేవుని సన్నిధిలో నీ బ్రేకు ఇన్స్పెక్టరు పని?" అన్నది.

ఆ ఏళ్లలోనే ఒకసారి ర్యాలీ పందెం కార్లు మా ప్రాంతం మీదుగా వచ్చి నల్లమల ఘాటు ఎక్కి పోయాయి. తలుపుల మీద తెల్లటి గుండ్రాలు, వాటిలో నల్లటి నంబర్లు, ముందు వరసగా లైట్లు. ఊరి చివర, ఘాటు మొదట్లో ఉన్న మైలురాయి మీద పొద్దుగూకేదాకా కూర్చుని, ఏ నంబరు ఏ బండిదో కంఠతా పట్టాను. (కీర్తనలు పట్టమంటే పట్టని బుర్ర అది.) అప్పుడే ఘాటులో ఒక బండి లోయలోకి జారిందని గోలైతే, సైకిలేసుకుని పోయి చూశాను కూడా. అదొక జీపు. చెట్టుకు తట్టుకుని ఆగింది. అందులోని మనుషులు రోడ్డెక్కి, బట్టలు దులుపుకుంటూ, టీ ఎక్కడ దొరుకుతుందని నన్నే అడిగారు. వాళ్లకు దారి చూపించినందుకు నేను వారం రోజులు తల ఎత్తుకుని తిరిగాను.

తరువాత కొన్నేళ్లకు మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. మా వీధి డాక్టరుగారు బదిలీ అయి పోతూ, షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతున్న ఒక పాత కారును తీసుకుపొమ్మన్నారు. తలుపు తెరిచి కోళ్లను తోలి చూద్దును గదా, స్టాండర్డ్ హెరాల్డ్! రెండే తలుపులు, కొంచెం అలిగినట్టుండే ముఖం. తలుపు మీద మాసిపోయిన తెల్లటి గుండ్రం, అందులో డెబ్భైమూడు. మైలురాయి దగ్గర నాకు చెయ్యి ఊపి, నా మీద దుమ్ము కొట్టి పోయిన బండే! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. బాగుచేయించి, ఫ్యాక్టరీ గేటుకు పూయగా మిగిలిన నీలం రంగు నా చేత్తో నేనే పూశాను. అయితే ఎన్ని పూతలు పూసినా, వాన తడి తగిలితే చాలు, ఆ నంబరు పైకి తేలేది. "పాపం మాదిరి ఉంది రా ఇది, పైన ఎంత పూసినా లోపల్నించి వస్తా ఉంది" అనేది పిన్నమ్మ.

ఆ పిన్నమ్మే నాకు దొనకొండ సంబంధం తెచ్చింది. పిల్ల తండ్రి రైల్వే గేటుమాను, అక్కడి సంఘానికి పెద్ద. వచ్చిన సంబంధాలను ప్రార్థన రాదని ఒకటి, మీసం ఎక్కువైందని ఒకటి తిప్పి పంపినవాడు. అయితే పిల్ల ఫోటో చూసినప్పటి నుంచి నా చెవికి ఏ బండి శబ్దమూ ఎక్కడం లేదు. ఈ ఒక్క సంబంధం తప్పిపోకుండా చూడమని మోకాళ్ల మీద పడి దేవుణ్ణి అడిగాను. ఆదివారం ఆరాధనకు రండి, తరువాత మాట్లాడుకుందామని కబురొచ్చింది. బస్సులో పోదామని పిన్నమ్మ, కారులోనే పోవాలని నేను. కారే గెలిచింది.

దారిలో తుంపర మొదలైంది. పిన్నమ్మ తడవకుండా దిగాలని కారును సరిగ్గా గుడి వాకిలి ముందు ఆపాను. (కారు అందరి కంటా పడాలన్న ఆశ కూడా లేకపోలేదు.) ఆ సంఘంలో పాడబోయే పాట నంబరును పలక మీద సుద్దతో రాసి వాకిట్లో తగిలిస్తారు (పలక మా మార్కాపురందే). ఆ రోజు వాన చినుకులకు సుద్ద కొట్టుకుపోయింది. పాట ఎత్తే అవ్వకు చూపు తక్కువ, గొంతు ఎక్కువ. తెరిచిన వాకిట్లోంచి బయటికి, తడిసిన కారు తలుపు వైపు చూసి, "ఎవరో మంచి బిడ్డ, నా కండ్లకు ఆనేట్టు ఎంత పెద్దగా రాసినాడమ్మా!" అని పుస్తకం తిరగేసి డెబ్భైమూడో పాట ఎత్తుకున్నది.

డెబ్భైమూడు, శవాన్ని సమాధుల తోటకు తీసుకుపోయేటప్పుడు పాడే పాట.

అవ్వ ఎత్తితే అడ్డు చెప్పే అలవాటు ఆ సంఘానికి లేదు. అందరూ లేచి నిలబడి అందుకున్నారు. రెండో చరణానికి ఒకరినొకరు చూసుకుంటూ పోయిందెవరని సైగలు చేసుకున్నారు. మూడో చరణానికి వెనక వరసలో ఒకామె ముందు జాగ్రత్తగా ఏడుపు మొదలుపెట్టింది. పిన్నమ్మ నా వైపు వంగి, "నీ కారును తగలెయ్య, మనం పెండ్లికి వచ్చినామా, మట్టికి వచ్చినామా?" అన్నది. నేను ముందు వరసలో ఉన్న పిల్ల తండ్రిని, ఆ పెద్దాయనను చూశాను. ఆయన పాడటం లేదు. పెదవులు బిగించి, వెనక్కి తిరిగి వాకిట్లోంచి ఆ నంబరునే చూస్తున్నాడు. సంబంధం పోయిందనుకున్నాను.

ఆశీర్వాదం కాగానే ఆయన అందరికంటే ముందు బయటికి వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. వెనకే ఆయన కూతురు వచ్చింది. నేను క్షమాపణకు మాటలు వెతుక్కుంటుంటే ఆ పిల్లే, "నాయనా, మనం ఇంట్లో ప్రార్థన చేసే నంబరు గదా ఇది?" అన్నది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఈ బండి నీకెట్ల వచ్చింది అబ్బాయా? ఆ రేసు పొద్దు నేను గేటు వేసినాను. గూడ్సు రావాల. ఈ డెబ్భైమూడు ఆయన దిగొచ్చి చేతులు జోడించి తీయమన్నాడు. నేను తీయలా. రైలు పోయినాక ఎట్ల దూకిచ్చినాడో, దుమ్ము తప్ప బండి కనపల్లా. మర్నాడు చెప్పినారు, ఘాటులో ఒక కారు లోయలో పడిందని. నేను నిలబెట్టినందుకే ఆ బిడ్డ తొందరపడి పోయినాడేమోనని, ఇన్నేండ్లుగా పేరు తెలవక ఈ నంబరు పెట్టే ప్రార్థన చేస్తా ఉండాను." డ్యూటీ తప్పలేదు ఆయన. అయినా ఆ భారం దించుకోలేదు.

"పడింది ఇది కాదు పెద్దాయనా, జీపు," అన్నాను. "నేను పోయి చూసినాను. వాళ్లకు గూడ ఏం కాలా, టీ కొట్టు యాడుందని నన్నే అడిగినారు. ఈ కారు నా ముందే ఘాటు ఎక్కి పోయింది. ఆయన నవ్వుతా, నాకు చెయ్యి ఊపి పోయినాడు."

"జీపని నీకు గట్టిగా తెలుసునా?"

పిన్నమ్మ అందుకున్నది. "బండ్ల సంగతిలో వాడు తప్పడు లే అన్నా. వాక్యం అడుగు, అప్పుడు తడుముకుంటాడు."

ఆయన నవ్వలేదు. తడిసిన తలుపు మీద, ఆ గుండ్రం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. వానలో అందరం తలలు వంచాం. నా జీవితంలో పిన్నమ్మ గిల్లకుండానే నేను బండ్లను మరిచిపోయి, ఇంకొకరి కోసం చేసిన మొదటి ప్రార్థన అది. కళ్లు తెరిచాక ఆయన, "లోపలికి రా నాయనా, తడుస్తా ఉండావు. పిల్ల నిన్ను అప్పుడే చూసేసింది" అన్నాడు. ఇంతలో అవ్వ తడుముకుంటూ వచ్చి, "పాట రాసింది నువ్వేనా బిడ్డా? అవతల తలుపు మీద పెండ్లి పాట నంబరు రాయి, సాయంత్రం అది పాడతాను" అన్నది.

పెళ్లి అదే గుడిలో జరిగింది. ఆ కారులోనే బయల్దేరితే, గేటు మూసి ఉంది. మామ పెళ్లిబట్టల్లోనే పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. నేను హారన్ కొడితే, "రైలు పోవాల. అల్లుడైనా ఆగాల్సిందే!" అని అరిచాడు. పక్కన పెళ్లికూతురు తలవంచుకుని నవ్వింది. ఆ గూడ్సు ఇంకా పొడుగ్గా ఉండి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

మామ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. హెరాల్డు తుప్పు పట్టి, విడిభాగాలుగా ఎటో పోయింది. నా చెవులు మందగించాయి. ఈ మధ్య సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటే నా భార్య నా చెవి దగ్గరికి వంగి, "అంబాసిడర్ పోతా ఉంది" అంటుంది. మా రోడ్డు మీద అంబాసిడర్లు తిరగడం ఎప్పుడో మానేశాయని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా నేను కళ్లు మూసుకుని విన్నట్టే విని, "కాదులే, హెరాల్డు" అంటాను. ఆమె ఒప్పుకుంటుంది.

చదివిన మీరు కూడా ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. పేరు తెలియని మనిషి కోసం నంబరు పెట్టి ప్రార్థించే మనసు మనకూ ఇమ్మని అడుగుదాం. మూసిన గేటు ముందు నిలబడ్డప్పుడు, పక్క సీటులో ఎవరున్నారో చూసుకునే ఓపిక కూడా ఇమ్మని అడుగుదాం. ఆమెన్.