సరస్సు ఊళ్ళో లస్కరు మామ

మామ పోయాడన్న కబురు నాకు పరీక్ష హాల్లో ఉండగా తెలిసింది. కడపలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ రోజు ఇన్విజిలేషన్ డ్యూటీ. ఫోను మూడుసార్లు వణికితే వరండాలోకి వచ్చి తీశాను. మైదుకూరు నుంచి మరిది. "వదినా, నాయన పోయినాడు. పొద్దున సద్ది తాగి అరుగు మీద కూచున్నోడు కూచున్నట్టే..." అన్నాడు. లోపల ఎవరో అడిషనల్ షీటు కావాలని చెయ్యెత్తారు. వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు. వంతు ప్రకారం ఆ అమ్మాయే ముందు అడిగింది కాబట్టి కావచ్చు.

మామ అంటే మా ఆయన తండ్రి. కేసీ కాలువ మీద లస్కరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. షట్టర్లు ఎత్తుతూ దించుతూ, ఏ పొలానికి ఏ పూట నీళ్ళు పోవాలో ఆ వంతు తప్పకుండా చూసే ఉద్యోగం. రిటైరయ్యాక కాలువ వదిలాడు గానీ వంతులు వదల్లేదు. ఇంట్లో పేపరుకు వంతు, టీవీ రిమోటుకు వంతు, బాత్రూముకు వంతు. "నీ టైమైపోయింది, షట్టరు దించు" అని నలభై ఎనిమిదేళ్ళ కొడుకును సోఫాలోంచి లేపేవాడు. నేను కోడలుగా వెళ్ళిన కొత్తలో, అందరికీ దోసెలు పోస్తున్నాను. మామ తన ప్లేటు చేత్తో మూసి, "నాకు చాలు. టెయిలెండుకు పోసినారా?" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. వంటింటి గడప దగ్గరున్న నా వైపు చూపించాడు. కాలువ చివరి రైతన్నమాట నేను. ఆ రోజు నా దోసెలు ఆయన దగ్గరుండి పోయించాడు. మా ఆయన పోశాడు. అన్నీ చిరిగిపోయాయి.

దినాల రోజు ఒక బంధువు నా పక్కన చేరి, "డెబ్బై మూడేండ్ల మనిషిని ఆ మంచు కొండల్లోకి పిల్చుకపోతారా ఎవురన్నా? ఆడికి పోయొచ్చినప్పటి నుంచే తగ్గినాడు" అంది. ప్రయాణం మా అమ్మాయి కోరిక, నిర్ణయం మాత్రం నాది. మామ పోయేనాటికి మేం తిరిగొచ్చి ఎనిమిది నెలలు గడిచాయి. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. పగలు నమ్ముతాను. పడుకునే ముందు మళ్ళీ నమ్మను. అందుకే ఆ ప్రయాణం గురించే రాస్తున్నాను.

లడఖ్‌లో కొండల మధ్య సరస్సు, దాని ఒడ్డున ఒక పల్లె, అక్కడ టెలిస్కోపు పెట్టి చుక్కలు చూపిస్తారు. మా అమ్మాయి ఇది ఎక్కడో చదివింది. మరిది వద్దన్నాడు. మామ, "అంత పెద్ద చెరువంట గదరా, చూస్తే ఏం పోతాది?" అన్నాడు. లేహ్‌లో రెండు రోజులు ఆగాం. డాక్టరు వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరును మామ, కాలువలో నీటిమట్టం కొలిచేదాని పేరుతో గేజీ అనేవాడు. "ఎనబై ఎనిమిది. పారకానికేం ఇబ్బంది లే" అని తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు.

సరస్సును చూసి మేమంతా నోరు తెరిచాం. మామ అటూ ఇటూ చూసి, "తూము యాడుండాది?" అన్నాడు. దీనికి తూము లేదని డ్రైవరు చెప్పాడు.

"తూము లేని చెరువేందప్పా! ఎన్నెకరాలు పారుతాది?"

ఒక్క ఎకరా కూడా పారదట. మామ దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని వెంటనే ఉమ్మేశాడు. "ఉప్పన! థూ! ఇన్ని నీళ్ళు పెట్టుకోని... ఇదేం అన్యాయంమా?" అని నన్ను నిలదీశాడు, నేనే ఉప్పు వేసినట్టు.

రాత్రి భోజనాలయ్యాక టెలిస్కోపు దగ్గర పాతిక మంది టూరిస్టులు తోసుకుంటున్నారు. మామ మంకీ క్యాప్ సర్దుకుని ముందుకెళ్ళాడు. "ఏక్ ఆద్మీ, దో మినిట్!" అని తన కడప ఉర్దూలో చెప్పి అందరినీ లైన్లో పెట్టాడు. ఎవరో మూడో నిమిషం తీసుకుంటే భుజం తట్టాడు. చుక్కలు చూపించే కుర్రవాడు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తీరా మామ వంతు వచ్చేసరికి మామ లేడు.

ఆ చీకట్లో, ఆ చలిలో, ఒక పక్కన సరస్సు. మా ఆయన గొంతు పోయేలా అరిచాడు. డ్రైవరుతో కలిసి నలుగురం టార్చిలు పట్టుకుని వెతికాం. అంతటి పాలపుంత మా నెత్తి మీదుండగా మేం నేల చూస్తూ అరగంట తిరిగాం. చివరికి పల్లె వెనక, కొండ మీంచి వచ్చే చిన్న కాలువ దగ్గర మామ చేతులు దులుపుకుంటూ కనిపించాడు.

"అరవాకండి. ఎవుడో రేత్రిపూట మడవ తెంచి నీళ్ళు దొంగతనంగా మళ్ళించుకుంటాండాడు. పూడ్చేసినా" అన్నాడు, ఎంతో తృప్తిగా. గట్టుకున్న ఆ గండిలో రాళ్ళూ మట్టీ కుక్కి ఉన్నాయి. అప్పుడు నాకేమీ తట్టలేదు. మనిషి దొరికాడు, అంతే చాలనిపించింది.

పొద్దున టీ తాగుతుంటే ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో బురద కారుతున్న శాలువా. మామకు నేను లేహ్‌లో కొనిచ్చినదే. రాళ్ళ సందుల్లో కుక్కేశాడట. ఆ పెద్దాయన కోపంగా మాట్లాడుతుంటే మేం దిగిన ఇంటామె హిందీలో చెప్పింది. ఆ ఊళ్ళో నీళ్ళ వంతులు చూసేది ఆయనే. మామ పూడ్చింది దొంగ మడవ కాదు. ఒంటరిగా ఉండే ఒక ముసలామె బార్లీ మడికి రాత్రి వంతు అది. మళ్ళీ ఆమె వంతు వారానికి గానీ రాదు.

మామ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం అలా వాడిపోవడం అత్త పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. "ముప్పై నాలుగేండ్లు. ఒకరి వంతు కొట్టినోడు కాదని మైదుకూరులో ఎవురినన్నా అడగండి" అన్నాడు, తెలుగులోనే.

"కారు వచ్చేసింది నాయనా. ఆమెకేమన్నా ఇచ్చి పోదాం పా" అన్నాడు మా ఆయన.

"ఏమిస్తావురా? పైరు నోట్లు తాగుతాదా? నీళ్ళు బాకీ పడితే నీళ్ళే ఇయ్యల్ల. నువ్వు పో, నేను రాను."

ఆ సాయంత్రం వంతు ఎవరిదని మామ ఆరా తీశాడు. మేం దిగిన ఇంటామెదే. ఆ వంతు అడగడానికి నా లాంటి లెక్చరరుకు హిందీలో వాక్యం కుదుర్చుకోవడానికి పది నిమిషాలు పట్టేది. మామ ఆమె ముందు చేతులు జోడించి, "బెహన్, ఆప్ కీ బారీ, ముజే దేవ్" అన్నాడు, నీ వంతు నాకివ్వమ్మా అని. ఆమె నీళ్ళ పెద్దాయన వైపు చూసింది. ఆయన శాలువా వైపు చూశాడు. ఇద్దరికీ నవ్వాగలేదు, ఆమె నవ్వుతూనే సరేనంది. మామకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మామ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అడిగి తెచ్చుకున్న పార పట్టుకుని మంచు నీళ్ళలో దిగాడు. ఆపాల్సింది. నేను ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. "మామా, చాలు, రండి" అని ఒకసారి అన్నాను. "టెయిలెండు ఇంకా తడవలేదుమా" అన్నాడు. రెండోసారి అనలేదు. ఆ తర్వాత ఆయన వారం రోజులు దగ్గాడు. ఆ రెండు గంటలు ఆయన ఆయుష్షులోంచి ఏమైనా తీసుకున్నాయో, కలిపాయో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆపి ఉంటే మాత్రం ఇంకో మనిషిని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం.

చీకటి పడేసరికి మడి నిండింది. మామ మడవ కట్టేసి గట్టు మీద చతికిలబడ్డాడు. ముసలామె వచ్చి పక్కన కూర్చుని, తన గొర్రె బొచ్చు దుప్పటి సగం ఆయన కాళ్ళ మీద కప్పింది. ఆమె తన భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మామ అంతా విని, "అవునుమా, మా దిక్కునా అంతే" అని కేసీ కాలువ గురించి తెలుగులో అందుకున్నాడు. ఆమె తలాడించింది. అలా ఒకరి తర్వాత ఒకరు చాలాసేపు చెప్పుకున్నారు.

"తాతా, పైకి చూడు!" అని మా అమ్మాయి అరిచింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు. వాళ్ళ ముందు మడి నిండా చుక్కలు. మామ వంగి, లోతు చూడడానికి నీళ్ళలో వేలు పెట్టాడు. చుక్కలు చెదిరి, మెల్లగా మళ్ళీ నిలిచాయి.