రెండో గీత

ఇది జరిగినప్పుడు నాకు సంతకం కూడా రాదు. చిన్నప్పటి నుంచి కందిచేలల్లో కూలికి పోయాను, బడి మొహం చూడలేదు. నిరుడు మా బిడ్డ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయన తాండూరులో నాపరాళ్ల పాలిష్ పని చేస్తాడు. మిషన్ కింద పొద్దంతా బురదనీళ్లు. చెప్పులేసుకుంటే జారుతుందని అందరూ వట్టి కాళ్లతోనే నిలబడతారు. రాళ్ల సందుల్లో ఎలుకలు మస్తు.

ఆ వానకాలం ఆయనకు జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. పిక్కలు ముట్టుకోనివ్వలేదు. తాండూరులోనే ఒక దవాఖానకు తీసుకుపోయాను. నెత్తురు తీసి అరచేతిలో పట్టే తెల్ల బిళ్ల మీద చుక్క వేశారు. కాసేపటికి ఒక్క గీత తేలింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరమైతే రెండో గీత కూడా రావాలట.

"మన బిడ్డకు కడుపు పరీక్షల రెండు గీతలొస్తే మిఠాయి పంచినం. నాకు ఒక్కటే. ఇగ పంచేదేం లేదు," అని నవ్వాడాయన.

డాక్టరు నవ్వలేదు. "జ్వరం ఇప్పుడే మొదలైంది. ఇంత తొందరగా పరీక్షలో తేలకపోవచ్చు. గోళీలు ఇస్తున్నా, ఆపకండి, తగ్గకపోతే మళ్లీ నెత్తురు చూపించండి," అన్నాడు.

మా ఆయనకు మాత్రం ఒక్క గీతే గుర్తుండిపోయింది.

మర్పల్లి నుంచి వాళ్లక్క చూడటానికి వచ్చింది. అప్పటికి కళ్లు కామెర్లొచ్చినట్టు పచ్చబడ్డాయి. "పసిరికలు గివి! తమ్మీ, నా ఎంబడి రా, పసరు తాపిస్త," అని మమ్మల్ని మర్పల్లికి వెంటబెట్టుకుపోయి తాపించింది. పసరు తాగితే ఉప్పు ముట్టొద్దు, ఇంగ్లీషు మందు మింగొద్దు అని పథ్యం. గోళీలు ఆగిపోయాయి. మర్నాటికి ఆయనకు మూత్రం తగ్గింది. కాస్త వచ్చినా చాయ డికాషన్ రంగులో ఉంది. కూర్చుంటే పడిపోతున్నాడు.

"వదినె, డాక్టరు మల్ల నెత్తురు చూపియ్యమన్నడు. వికారాబాద్ పోతం."

"ఒక్కపారి చూసిండ్రు గదనే! పసరు మీద సూది పడితే మనిషి దక్కడు."

"మూత్రం బంద్ అయితే దక్కుతడా?"

ఆటో మాట్లాడుకొచ్చాను. అలిగినా ఆమె కూడా ఎక్కింది.

వికారాబాద్ పెద్ద దవాఖానలో మళ్లీ అదే బిళ్ల. మొదటి గీత వచ్చింది. దాని పక్కన ముగ్గుపిండి గీత సగం చెరిగినట్టు రెండోది పడింది. "ఉంది," అంది అక్కడి డాక్టరమ్మ. "కిడ్నీల మీద పడింది. ఇంకో పరీక్షకు కూడా పంపిస్తాం గానీ, దాని కోసం ఆగం," అని వెంటనే సూదులు మొదలుపెట్టింది. మంచం పక్కన మూత్రం పట్టడానికి సీసా పెట్టారు. సాయంత్రం దాకా అడుగు కూడా తడవలేదు. నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. వదినె బయట వరండాలో తిరిగింది.

తెల్లారేసరికి సీసాలో సగానికి పైగా మూత్రం వచ్చింది. నర్సు చూసి, "ఇంక ఫికర్ లేదమ్మా, కిడ్నీలు పనిచేస్తున్నయి," అంది. గంజిలో ఉప్పు వేయొచ్చా అని అడిగాను. కొంచెం వేయమంది.

క్యాంటీన్ నుంచి గంజి తెచ్చి, వదినె చూస్తుండగానే ఉప్పు వేసి కలిపి ఆయనకు తాపించాను.