కెప్టెన్ మీద అవ్వ అనుమానం

ఒరేయ్, ఆదివారం పొద్దున వచ్చే ఆ అంతరిక్షనౌక సీరియల్ గుర్తుందా? ఇవాళ ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని, ఫోనులో దాని చివరి సీజన్ చూశాను.

ఏ గ్రహానికి వెళ్ళినా అదే గుహ, అవే అట్టతో చేసిన రాళ్ళు. అప్పట్లో మాకు అవేం పట్టలేదు. గొర్రెలు కాసిన మా అవ్వకు మాత్రం ఈ చివరి సీజన్ వచ్చినప్పుడు కెప్టెన్ మీదే అనుమానం.

"వీడు వాడు కాదురా. అదే గడ్డం పెట్టి ఇంకొకడిని తెచ్చినారు. మందలో గొర్రె మారితే నాకు తెలీదా?"

"నీకు కళ్ళు సరిగా కనపడ్డంలేదవ్వా," అని నవ్వాం. నాయన వారం రోజులు ఆమె కళ్ళలో చుక్కల మందు వేశాడు. మండుతున్నా ఆమె మాట మార్చలేదు.

ఇవాళ చివర్లో పడే పేర్లను ఆపి చదివాను. కెప్టెన్ పక్కన పాత పేరు లేదు, వేరే నటుడిది ఉంది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ చుక్కలు మా కళ్ళలో పడాల్సినవి.