బోర్డమ్మ పెట్టిన పరీక్ష

నీళ్ల ఆఫీసులో ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరుకు తప్ప ఎవరికీ పట్టదు. అందరికీ బోర్డమ్మే. ఏ వీధికి ఎన్నింటికి నీళ్లు వదులుతారో గేటు పక్కనున్న నల్లబోర్డు మీద ఇరవై రెండేళ్లు సుద్దముక్కతో రాసింది మరి.

తర్వాత వెబ్‌సైట్ వచ్చింది. బోర్డు స్టోరు గదికి పోయింది, ఆమె ఫైళ్ల గదికి. ఆ వెబ్‌సైట్‌లో ఒక్క ముక్క మార్చాలన్నా ఎక్కడో ఉన్న కంపెనీకి రాయాలి. వాళ్లు తీరిగ్గా నాలుగో రోజుకు మార్చేవారు. మంగళవారం రాని నీళ్ల సంగతి శుక్రవారం చెబితే ఎవరికి లాభం? జనం తిట్లన్నీ బోర్డమ్మ చెవినే పడేవి. ఆఫీసు ఫోను ఉన్నది ఫైళ్ల గదిలోనే.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఈ తంతు చూసి, కోడ్ తెలియనివాళ్లు కూడా తామే రాసి పెట్టుకోగలిగే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తీసుకుందామంది. చూపించడానికి మూడు కంపెనీలవాళ్లు వచ్చారు. బోర్డమ్మను పిలిచింది హాజరు రాసుకోవడానికి మాత్రమే.

మొదటివాళ్లు తెరమీద జలపాతాలు ఉరికించారు. పెద్దలంతా తలలూపుతుంటే ఆమెకు నోట్లో మాట ఆగలేదు.

"బాబూ, గడియారాల వీధికి ఇవాళ ఆరింటికి కాదు, ఎనిమిదింటికి నీళ్లని రాయాలి. ఎలాగో చెప్పొద్దు. నన్ను కూర్చోనిచ్చి చూస్తూ ఉండండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంజనీరమ్మ మాత్రం లేచి తన కుర్చీ ఇచ్చింది.

మొదటిదాంట్లో పదకొండు నిమిషాలు తిరిగినా వేళ మార్చే గడి దొరకలేదు. రెండోదాంట్లో దొరికింది గానీ, తెలుగు కొట్టగానే ఒత్తులు అక్షరాలను వదిలేసి పక్కకు దొర్లాయి. మూడోది చూడ్డానికి బోసిగా ఉంది. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. అయినా ఆమె లేవలేదు. తప్పు రాస్తే ఏంటని అడిగింది. పాత ప్రతులన్నీ భద్రంగా ఉంటాయనీ, కావాలంటే ఇంకొకరు చూశాకే బయటికి వెళ్లేలా పెట్టుకోవచ్చనీ చెప్పారు.

"అలాగే పెట్టండి. రాసిన మనిషి కంటికి తన తప్పు ఆనదు," అంది.

మూడోదే ఖాయమైంది. ఆ సాయంత్రం సంగతంతా చెబితే, దర్జీ పని చేసే భర్త కుట్టుమిషను మీంచి చూపు తిప్పకుండా, "ముప్పై ఏళ్లుగా నా కుట్లకే వంకలు పెడుతున్నావు, వాళ్లొక లెక్కా నీకు," అన్నాడు. గొంతులో మురిపెం దాగలేదు.

పాత సైట్‌లోని నూట నలభై పేజీలనూ ఆమె కూర్చుని చదివి, ముప్పై ఒకటే ఉంచింది. మొదటి పేజీలో ఇవాళ్టి నీళ్ల వేళలు. అక్కడ అధికారుల ఫొటోలు ఉండాలని ఒకాయన పట్టుబట్టాడు. దాహమేసినవాడికి ఫొటో ఎందుకండీ అని ఆమె మెల్లగా అడిగేసరికి ఊరుకున్నాడు.

ఎండాకాలం నడిమధ్యలో ఒక తెల్లవారుజామున పెద్ద పైపు పగిలింది. బోర్డమ్మ వంటగదిలో నిలబడి, ఏ పంతొమ్మిది వీధులకు నీళ్లు రావో, ట్యాంకర్లు ఎక్కడ ఆగుతాయో ఫోన్లోనే రాసింది. మోకాలిలోతు బురదలో ఉన్న ఇంజనీరమ్మ అది చూసి, ఒకచోట కుడి మలుపును ఎడమ మలుపుగా దిద్ది సైట్‌లోకి వదిలింది. అప్పటికి ఐదూ నలభై. ఆరయ్యేసరికి జనం బిందెలతో సరిగ్గా ఆ మలుపుల్లోనే నిలబడ్డారు.

ఆ సంగతి విని చుట్టుపక్కల ఆరు ఊళ్ల నీళ్ల ఆఫీసులవాళ్లు అదే సిస్టమ్ పెట్టుకున్నారు. నేర్పడానికి మనిషిని పంపమని కంపెనీని అడగబోతే, మా దగ్గరే ఉన్నారని ఇంజనీరమ్మ కబురు పంపింది. బోర్డమ్మ ఆరు చోట్లకూ వెళ్లింది.

ఆఖరి ఊరి నుంచి తిరిగొస్తుంటే, బస్సులో ముందుసీటు ఆవిడ ఫోను చూసి పక్కావిడతో, "మనకివాళ నీళ్లు ఏడింటికట, నిదానంగా వెళ్దాంలే," అంది. ఇద్దరూ మళ్లీ కబుర్లలో పడ్డారు. బోర్డమ్మ కొంగు సర్దుకుని, కొంచెం నిటారుగా కూర్చుంది.