జర జడ్జి లెక్క కూసో, బిడ్డా

పొగమంచు పట్టిన ఒక ఉదయం, తొర్రూరు నుంచి హనుమకొండ వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఆమె ఒడిలో వేర్లతో సహా పీకిన పత్తి మొక్క ఉంది. నిండా ఆకులే, ఒక్క కాయ లేదు. కిటికీ గాలికి ఆ ఆకులు నా చేతిని తాకుతుంటే చేను కూడా మాతో వస్తున్నట్టు ఉండింది.

"ఎటు పోతున్నవ్ అవ్వా?"

"వినియోగదారుల కోర్టుకు బిడ్డా. విత్తనాలమ్మినోడు వానలు సక్కగ లేవంటాండు. అదే వానకు పక్క చేను కాసింది గద! వకీలు లేకున్నా మనమే చెప్పుకోవచ్చట. గని నాకు నోరు పెగులుతదో లేదో. జర నువ్వు జడ్జి లెక్క కూసో."

నేను నిటారుగా కూర్చున్నాను. గింజ పెట్టిన నాటి నుంచి పూత రాలిపోయే దాకా ఆమె నెమ్మదిగా చెప్పింది. బస్సు చప్పుడు కూడా నాకు వినిపించలేదు.

"నమ్మినవా?"

"నమ్మిన, అవ్వా."

"గట్లయితే ఆడ గూడ గిట్లనే చెప్త," అంటూ మొక్కను గుండెకు ఆనించుకుని మంచులోకి దిగిపోయింది.

ఆమెకు తీర్పు ఎలా వచ్చిందో తెలియదు. కొన్నేళ్లకు, అమ్మకు కొన్న వినికిడి మిషను పనిచేయక, దుకాణం వాళ్లు మార్చివ్వక, నేనూ అదే కోర్టుకు వెళ్లాను. నా పేరు పిలిచారు. వకీలును పెట్టుకోలేదు. లేచి, మొదటి నుంచి నెమ్మదిగా చెప్పాను.

ఇప్పుడు వంటింట్లోంచి మెల్లగా పిలిచినా అమ్మ పలుకుతుంది.